కేసీ కాలువలో పడవలు నడిచిన కాలం

మా కడప జిల్లాలో పడవలు నడిచాయంటే ప్రొద్దుటూరు పిల్లలు నమ్మరు. పెన్న ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే. కుందూ వరదొస్తే ఊళ్ల మీద పడుతుంది, లేకుంటే మడుగులు కట్టి నిలిచిపోతుంది. ఇంక పడవ యాడిది అంటారు. కానీ చాపాడు, మైదుకూరు, దువ్వూరు పక్క పొలాలకు నీళ్లిచ్చే కేసీ (కర్నూలు-కడప) కాలువను పడవల కోసం కూడా తవ్వారు. సేద్యం దానికి ఒక పని, రవాణా రెండో పని. కర్నూలు దగ్గర తుంగభద్ర మీద సుంకేసుల ఆనకట్ట నుంచి కడప దాకా, 300 కిలోమీటర్ల పైచిలుకు దూరం, సరుకు వేసుకున్న పడవ నీళ్ల మీద రావాలని దాన్ని గీశారు.

నేను ఆ కాలువ మీద పనిచేసి రిటైరైనవాణ్ణి. వర్క్ ఇన్‌స్పెక్టరుగా కట్టల మీద ఎండలో తిరిగాను. తూములు, షట్టర్లు, గండ్లు, పూడిక, చివరి ఆయకట్టు రైతుల తగాదాలు, ఇవే నా ఉద్యోగం. పడవల సంగతి నాకు ఆఫీసులో ఎవరూ చెప్పలేదు. మా జేజినాయన చెప్పినాడు, ఆ తర్వాత లాకుల దగ్గర రాళ్లు చెప్పినాయి. ఆ రెండూ కలిపి, చదివి తెలుసుకున్నది కూడా జోడించి, ఇక్కడ రాస్తున్నాను.

కథ 1858లో లండన్‌లో మొదలైంది. మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ అని ఒక ప్రైవేటు కంపెనీ పుట్టింది. దాని వెనక ఉన్న ఆలోచన ఆర్థర్ కాటన్‌ది. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి గోదావరి డెల్టా రూపు మారుతూ ఉంది. అక్కడి కాలువల్లో నీళ్లూ పారాయి, పడవలూ నడిచాయి. అదే మేలు మెట్ట ప్రాంతానికీ చేయవచ్చని కాటన్ నమ్మకం. ఈ దేశానికి కావాల్సింది చవకైన రవాణా అనీ, అది రైలుతో రాదు, నీళ్ల మీదే వస్తుందనీ ఆయన బతికినంతకాలం వాదించాడు. తుంగభద్ర నుంచి పెన్న లోయకు, అక్కడి నుంచి నెల్లూరు తీరంలో కృష్ణపట్నం దాకా నీటిదారి వేయాలన్నది అప్పటి పథకం. బళ్లారి పత్తి, కర్నూలు ధాన్యం, మా కడప నీలిమందు పడవలెక్కి సముద్రం చేరాలి. ఇప్పుడు కృష్ణపట్నంలో పెద్ద రేవు ఉంది. దాన్ని కలవాల్సిన కాలువ మాత్రం కడప దాటలేదు.

కంపెనీ పెట్టుబడి పది లక్షల పౌన్లు. దాని మీద నూటికి ఐదు వడ్డీకి ప్రభుత్వం హామీ ఇచ్చింది. 1863లో తవ్వకం మొదలై 1870 నాటికి కాలువ కడప చేరింది. ఆ డబ్బు మధ్యలోనే అయిపోయింది. ప్రభుత్వం మళ్లీ అప్పు ఇచ్చి పని నడిపించింది. చివరికి 1882లో సుమారు 3 కోట్ల రూపాయలకు కాలువ మొత్తాన్ని ప్రభుత్వమే కొనుక్కుంది.

డబ్బు లెక్కలు పక్కనపెట్టి ఆ పనిని పనిగా చూడాలి. సుంకేసుల మట్టానికీ కడప మట్టానికీ ఎత్తులో దాదాపు 150 మీటర్ల తేడా ఉంది. పొలానికి నీళ్లు పారించడమే అయితే కాలువకు కాస్త వాలు ఎక్కువైనా ఫరవాలేదు. పడవ నడవాలంటే అలా కుదరదు. నీళ్లు జోరుగా పారితే దిగువకు పోయే పడవ అదుపు తప్పుతుంది, ఎగువకు పోయేది కదలదు. అందుకే కాలువను దాదాపు మట్టంగా తవ్వుకుంటూ వచ్చి, నేల దిగిపోయినచోటల్లా ఒక లాకు కట్టారు. కర్నూలు ఊళ్లో హంద్రీ నది అడ్డం వస్తే దాని మీద అక్విడక్టు కట్టి కాలువను నది పైనుంచి దాటించారు. కింద ఏరు, పైన కాలువ, కాలువలో పడవ. మిట్టకందాల దగ్గర కృష్ణకూ పెన్నకూ మధ్య ఉన్న మిట్టను కోసి, తుంగభద్ర నీళ్లను కుందూ లోయలోకి దింపారు. నదుల అనుసంధానం అని ఇప్పుడు మనం గొప్పగా చెప్పుకునే పని, పారా తట్టతో అప్పుడే జరిగింది. కుందూ మీద సంతజూటూరు దగ్గర ఒక ఆనకట్ట, రాజోలి దగ్గర ఇంకొకటి. పెన్న మీద ఆదినిమ్మాయపల్లె ఆనకట్ట. సుంకేసులతో కలిపి నాలుగు ఆనకట్టలు ఈ కాలువకు నీళ్లు అందించాయి.

లాకు ఎట్లా పనిచేసేదో చెప్పాలి. ఇప్పటి పిల్లలు చూసే అవకాశం లేదు. లాకు అంటే కాలువలో రాతితో కట్టిన పొడవాటి గది. ఎగువన ఒక జత తలుపులు, దిగువన ఒక జత. టేకు దూలాలతో చేసిన తలుపులు. మూసినప్పుడు రెండు రెక్కలూ తిన్నగా కలవవు, ఎగువవైపు కోణంగా పొడుచుకొచ్చి ఒకదానికొకటి ఆనుకుంటాయి. నీళ్లు ఎంత ఒత్తితే అంత బిగుస్తాయి. దిగువకు పోయే పడవ వచ్చిందంటే ముందు దిగువ తలుపులు మూసి, ఎగువ తలుపులో అడుగున ఉన్న పలకను పైకెత్తుతారు. ఆ కంతలోంచి నీళ్లు గదిలోకి దూకుతాయి. గది నిండి, లోపలా బయటా మట్టం ఒకటయ్యేదాకా ఎంతమంది తోసినా ఆ తలుపు కదలదు. మట్టం సమానమైన క్షణంలో ఇద్దరు మనుషులు దూలానికి వీపు ఆనించి నెడితే తెరుచుకుంటుంది. పడవ లోపలికొస్తుంది. వెనక తలుపులు మూసి, దిగువ తలుపు పలక ఎత్తుతారు. గదిలో నీళ్లు దిగుతాయి, నీళ్లతోపాటు పడవ దిగుతుంది. పైనున్న మనిషికి పడవలోని సరంగు తల కనబడకుండా పోతుంది. దిగువ తలుపులు తీస్తే పడవ కింది మట్టంలో బయటికొచ్చి మళ్లీ సాగిపోతుంది. ఎగువకు పోయే పడవకు ఇదే పని తిరగేసి చేయాలి.

నేను ఉద్యోగంలో చేరేనాటికే మా రీచ్‌లో తలుపులు లేవు. రాతి గోడలు ఉన్నాయి. ఒక ఎండాకాలం కాలువ బందు పెట్టినప్పుడు పూడిక తీయించడానికి ఒక పాత లాకు గదిలోకి దిగాను. గోడ మూల రాయి మీద చెయ్యి వేస్తే వేలు పట్టేంత గాడి తగిలింది. ఒకటి కాదు, కిందా మీదా నాలుగైదు. నాతో ఉన్న లస్కరు పెద్దాయన, ఆ కాలువ మీదే తండ్రి తర్వాత కొడుకుగా పనికొచ్చినవాడు, దాన్ని చూపించి అన్నాడు:

"తాడు కోసింది సార్ ఇది. పడవ తాడు. లాగీ లాగీ రాయిని తినేసింది."

నార తాడు రాయిని కోయాలంటే ఎన్ని పడవలు ఆ మూల తిరిగి ఉండాలి, ఎంతమంది ఆ తాడు పట్టి ఉండాలి! అంతకుముందు జేజినాయన మాటలు విని కథ అనుకునేవాణ్ణి. ఆ రోజు నుంచి అది నాకు చరిత్ర అయింది.

జేజినాయన చిన్నతనం దువ్వూరు పక్క పల్లెలో, కాలువ గట్టున గడిచింది. ఆయన చూసిన పడవకు ముగ్గురు మనుషులు ఉండేవాళ్లట. ఒకడు పడవలో చుక్కాని దగ్గర, ఇద్దరు గట్టు మీద తాడు పట్టుకుని. తాడు చివర వెడల్పాటి పట్టీ కట్టి, దాన్ని ఎదురురొమ్ముకు అడ్డంగా వేసుకుని, ముందుకు వంగి నడిచేవాళ్లు. కపిల తోలే ఎద్దులు ఏటవాలు బాటలో దిగేటప్పుడు ఎట్లా మెడ వంచి బరువంతా తాడు మీద వేస్తాయో, వాళ్లూ అట్లాగే వేసేవాళ్లని ఆయన చెప్పేవాడు. కాలువ పక్కన గట్టు మీద వాళ్లు నడవడానికే బాట ఉండేది. ఆ బాట మీద ముళ్లకంప పెరగకుండా చూడటం కాలువ మనుషుల పని. గాలి అనువుగా ఉంటే చిన్న తెరచాప ఎత్తేవాళ్లు. లోతు తగ్గినచోట గడ వేసి నెట్టేవాళ్లు. పొద్దు గుంకితే గట్టున మూడు రాళ్లు పెట్టి సంగటి కెలికేవాళ్లు. ఊరివాళ్లు మజ్జిగ పోసేవాళ్లు, పడవవాళ్లు ఎగువ ఊళ్ల ధరలు చెప్పేవాళ్లు. నంద్యాలలో జొన్నలు ఎంత, కర్నూలులో పత్తి ఎంత అనేది పల్లెకు ఆ నోటితోనే తెలిసేది.

"పిల్లోళ్లం పడవ ఎంబడి పరిగెత్తేవాళ్లం అబ్బీ" అనేవాడు జేజినాయన. "పరిగెత్తేదేముంది, నడిస్తే చాలు, పడవ కంటే మేమే ముందు పోతాంటిమి."

ఆ ఒక్క మాటలో పడవ ఎందుకు ఓడిపోయిందో కొంత ఉంది. మనిషి లాగే బరువు పడవ గంటకు రెండు మూడు కిలోమీటర్లు నడిస్తే గొప్ప. ప్రతి లాకు దగ్గర ఆగాలి. ఇంకోపక్క మద్రాసు రైలు కడప, ఎర్రగుంట్ల, ముద్దనూరు మీదుగా పోయి 1871 నాటికి రాయచూరు దగ్గర బొంబాయి లైనులో కలిసింది. కాలువ పూర్తి కావడం, రైలు పూర్తి కావడం ఏడాది తేడాతో జరిగాయి. ప్రొద్దుటూరు వర్తకుడు నీలిమందు మూటలు బండికెత్తి ఎర్రగుంట్ల తోలితే చాలు. జమ్మలమడుగు పత్తి, బట్ట ముద్దనూరు స్టేషను చేరితే చాలు. పులివెందుల పక్కకు ఈ కాలువ పోనే లేదు, వాళ్లకు మొదటినుంచీ బండిబాటా రైలు స్టేషనే దిక్కు. 1890 ప్రాంతంలో గుంతకల్లు నుంచి బెజవాడ వైపు వేసిన లైను నంద్యాలకూ వచ్చింది. కాలువ పై భాగానికి ఉన్న సరుకు కూడా అటు మళ్లింది. ఆ తర్వాత 1897లో జర్మనీ ఫ్యాక్టరీ నీలిరంగు బజారులోకొచ్చి, మా జిల్లా నీలిమందు సేద్యాన్నే దెబ్బకొట్టింది. పడవ మోయాల్సిన సరుకుల్లో ఒకటి నేల మీదే లేకుండా పోయింది.

అయినా రైలు ఒక్కటే కారణమంటే నేను ఒప్పుకోను. కాలువ మీద పనిచేసినవాడికి అసలు కారణం వేరేచోట కనబడుతుంది. సుంకేసులలో అప్పుడున్న ఆనకట్ట నీళ్లను మళ్లించే కట్టడం, నిలవ చేసే చెరువు కాదు. తుంగభద్రలో వరద ఉన్నన్నాళ్లు కాలువ నిండుగా పారుతుంది. సంక్రాంతి దాటాక ఏరు సన్నబడుతుంది, కాలువ బందవుతుంది. మా రేగడి నేలలో పత్తి తీసేది ఎప్పుడు? మాఘ ఫాల్గుణాల్లో, చైత్రం దాకా. అంటే సరుకు చేతికొచ్చే నెలల్లో పడవకు నీళ్లు లేవు. నీళ్లున్న నెలల్లో రైతు చేతిలో సరుకు లేదు. ఎంత మంచి లాకు కట్టినా, ఎంత బలమైన మనిషి తాడు పట్టినా ఈ చిక్కు తీరదు. ఎగువన నిలవ జలాశయం కట్టి ఉంటే కథ ఇంకోలా ఉండేది. తుంగభద్ర డ్యాం 1953లో గాని రాలేదు. అప్పటికి పడవలు లేవు.

ఇంకో చిక్కు కూడా ఉండేది. పడవకు నీళ్లు ఒకే మట్టంలో నిలవాలి, మడికి నీళ్లు బయటికి పారాలి. నాట్ల రోజుల్లో తూములన్నీ ఎత్తితే కాలువ మట్టం జానెడు దిగుతుంది, బరువు పడవ అడుగు తగిలి ఆగుతుంది. పడవ కోసం తూములు దించితే రైతు గట్టెక్కి అరుస్తాడు. ఎగువవాడికీ చివరి ఆయకట్టువాడికీ మధ్య నీళ్ల పంచాయతీ నేను రోజూ చూశాను. ఆ పంచాయతీలో మూడోవాడు కూడా ఉంటే లస్కరు బతుకు ఎట్లా ఉండేదో ఊహించగలను.

మొదట్లో రైతులూ ఆ నీళ్లు తీసుకోలేదు. రేగడి నేలకు తడి పెడితే చెడిపోతుందని వాళ్ల భయం. జొన్న, కొర్ర, పత్తి వానకే పండేవి. నీటి పన్ను కట్టి తడి పెట్టడం దండగ అనుకున్నారు. 1876 నుంచి 1878 దాకా ధాత కరువు ఈ సీమను తుడిచిపెట్టింది. నీళ్లు అంటే ఏమిటో ఆ కరువు నేర్పింది. తర్వాతి తరాల్లో కాలువ కింద వరి స్థిరపడింది. పడవల రాకపోకలు 1933 దాకా సాగి ఆగిపోయాయి. అప్పటినుంచి కేసీ కాలువ అచ్చంగా సేద్యపు కాలువ. కర్నూలు, కడప ప్రాంతాల్లో రెండు లక్షల అరవై ఐదు వేల ఎకరాల ఆయకట్టు దానిది. కృష్ణా నీళ్ల పంపకం మీద వచ్చిన బచావత్ తీర్పులో దాని వాటా 39.9 టీఎంసీలు. 1990ల చివర జపాన్ అప్పుతో ఆధునికీకరణ జరిగింది. ఈ లెక్కలు మా జిల్లాలో ఏ రైతునడిగినా చెప్తాడు. పడవల సంగతి అడిగితే మాత్రం నోరు తెరుస్తాడు.

పడవను లాగడం అనే పని కోస్తాలో ఎక్కువకాలం బతికింది. బకింగ్‌హాం కాలువలో నెల్లూరు పక్క నుంచి మద్రాసుకు కట్టెలూ ఉప్పూ మోసిన చెక్క పడవల్ని గట్టు మీద మనుషులే లాగేవాళ్లు. మద్రాసు ఊళ్లో ఆ కాలువను కలిపిన ముక్కను ధాత కరువు రోజుల్లో కరువుపనిగా తవ్వించారు. కాకినాడ పాత రేవులో సంగతి ఇంకోరకం. అక్కడ తీరం దగ్గర లోతు చాలదు. ఓడలు దూరాన సముద్రంలో లంగరు వేస్తాయి. సరుకును పడవల్లో వేసి ఓడ దాకా చేర్చాలి. ఒక బంధువుల పెళ్లికి పోయినప్పుడు వాణిజ్య కాలువ గట్టున నిలబడి చూశాను. ముందొక చిన్న ఇంజను పడవ పొగ వదులుతూ పోతోంది, దాని వెనక తాడుకు కట్టిన పెద్ద సరుకు పడవలు వరసగా పోతున్నాయి. టగ్గు అంటే అదేనని పక్కనున్నాయన చెప్పాడు. తానేమీ మోయదు, మోసేవాటిని లాగుతుంది. మా కేసీ కాలువలో ఆ పని చేసింది మనుషులు. వాళ్లకు ఇంజను లేదు, పొగగొట్టం లేదు, పేరు రాసిన పలక లేదు.

అందుకే నాకు బాధ. కాటన్ పేరు అందరికీ తెలుసు, తెలియాల్సిందే. కంపెనీ పెట్టుబడి లెక్క పార్లమెంటు కమిటీలకు ఎక్కింది. 1878లో లండన్‌లో కూర్చున్న కమిటీ ముందు కాటన్ తన కాలువల తరఫున వాదించినదీ కాగితం మీద ఉంది. మిట్టకందాల మిట్టను తట్టలతో మోసిన ఆడవాళ్ల పేరు ఒక్కటి లేదు. లాకు తలుపును వీపుతో నెట్టిన లస్కరు పేరు లేదు. రొమ్మున పట్టీ వేసుకుని దువ్వూరు నుంచి నంద్యాల నడిచిన మనిషి పేరు లేదు. వాళ్లు మిగిల్చిపోయిన ఒకే ఒక్క రాత ఆ మూల రాయి మీద గాడి. కాలువకు సిమెంటు లైనింగు వేసేటప్పుడు, గోడ మరమ్మతు చేసేటప్పుడు అలాంటి రాళ్లు ఒకరోజులో మట్టి కిందికి పోతాయి. పని చేసేవాడికి అది పాత రాయి. వాణ్ణి ఎవరూ తప్పుపట్టలేరు, ఆ గాడి ఏమిటో వాడికి ఎవరూ చెప్పలేదు కాబట్టి.

పడవల కథ దండగమారి కథ అని కొందరంటారు. నాకు అలా తోచదు. మెట్ట నేలలో ఏ పథకానికైనా మొదట అడగాల్సిన ప్రశ్న అది మనకు నేర్పింది: నీళ్లు ఏ నెలలో ఉంటాయి, అవసరం ఏ నెలలో ఉంటుంది, మధ్య నెలలకు నిలవ ఎక్కడ? ఆ ప్రశ్నకు జవాబుగానే తర్వాత మైలవరం వచ్చింది, గండికోట వచ్చింది, పులివెందుల పక్కన చిత్రావతి బ్యాలెన్సింగ్ రిజర్వాయరు వచ్చింది. 2019లో కుందూ మీద రాజోలి జలాశయానికి శంకుస్థాపన జరిగిందీ ఆ ప్రశ్న వల్లే. కుందూ నీళ్లు ఆనకట్ట దాటి వృథాగా పోతుంటే నిలవ లేదని మా రైతులు తరాలుగా మొత్తుకున్నారు. పడవవాడికి అందని నిలవే చివరి ఆయకట్టు రైతుకూ అందలేదు. వాళ్లిద్దరి కష్టం ఒకటే.

చేయాల్సిన పని పెద్దదేం కాదు. ఎండాకాలం కాలువ బందైనప్పుడు సుంకేసుల నుంచి కడప దాకా నడిచి, మిగిలిన లాకు గదులు ఎన్నో, ఏ స్థితిలో ఉన్నాయో కొలిచి రాయాలి. ప్రొద్దుటూరులో యోగి వేమన విశ్వవిద్యాలయం ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. సివిల్ చదివే పిల్లలకు ఇంతకంటే మంచి ప్రాజెక్టు ఉండదు. లాకు తలుపు కోణంలో ఎంత లెక్క ఉందో వాళ్లకు రాయి మీద కనబడుతుంది. ఆ కొలతల ప్రతి ఒకటి కడపలో సి.పి. బ్రౌన్ గ్రంథాలయానికి చేరాలి. లాకుల పక్క పల్లెల్లో తొంభై దాటిన ముసలివాళ్లు ఇంకా ఉన్నారు. పడవల్ని చూసినవాళ్లు కాకపోయినా, చూసినవాళ్ల నోట విన్నవాళ్లు. వాళ్ల మాటల్ని ఫోనులో రికార్డు చేసుకోవడానికి ఖర్చేమీ కాదు. గట్టి లాకు ఒకటి చూసి, మూల రాళ్లు కదలకుండా కాపాడి, పక్కన పలక ఒకటి నిలబెట్టాలి. తవ్విన ఏళ్లు, పడవలు ఆగిన ఏడు, తాడు లాగిన మనుషుల సంగతి దాని మీద తెలుగులో రాయాలి. లస్కర్ల కుటుంబాలు, రిటైరైన మా డిపార్టుమెంటువాళ్లు ఈ పనిలో చెయ్యి వేస్తామని ముందుకు రావాలి. నా వంతుగా, నాకు తెలిసిన లాకులన్నీ చూపించడానికి నేను సిద్ధం. కాలువ బందు పెట్టగానే కబురు పెడితే చాలు, వస్తాను.